జేజినాయన అంకెలు: ఒక యుద్ధఖైదీ కాగితాల కోసం పదిహేడు నెలలు

2024 మార్చి 8, శివరాత్రి. గుత్తి దగ్గర మా ఊర్లో ఇంటిల్లిపాదీ ఒక్కపొద్దు ఉన్నాం. సాయంత్రం నాయన ఉడికించిన గెనుసుగడ్డలు (చిలగడదుంపలు) పళ్ళెంలోకి తీస్తూ ఎప్పటిలాగే లెక్కపెట్టాడు. "ఇచి, ని, సాన్, షి, గో..."

మా ఇంట్లో అది పిల్లల లెక్క. గోలీలైనా, కొబ్బరి ముక్కలైనా అట్లాగే లెక్కపెట్టేవాళ్ళం. అది జేజినాయన, అంటే మా నాయనకు నాయన, ఆయన దగ్గర నుంచి వచ్చింది. ఆయన నిద్రలో కూడా అదే గట్టిగా అరిచేవాడంట. అదేదో బర్మా మంత్రం ఆయన్ని పట్టుకుందని జేజి నుదుట విభూతి పెట్టేదంట.

ఇంటర్ చదివే మా అమ్మాయి రాత్రిళ్ళు ఫోన్‌లో జపాన్ కార్టూన్లు చూస్తుంటుంది. ఆ రోజు అది తల తిప్పి, "తాతా, నీకు జపాన్ అంకెలు ఎవరు నేర్పించినారు?" అంది.

నాయన చేతిలో గడ్డ అట్లాగే ఉండిపోయింది. ఆయనకు 76 ఏళ్ళు. పుట్టినప్పటి నుంచి తన నోట్లో ఉన్న ఆ మాటలకు అర్థం ఉందని ఆ రోజే తెలిసింది.

మాకు అప్పటిదాకా తెలిసింది ఇంతే. జేజినాయన, ఆయన జతగాడు 1940లో బళ్ళారి పోయి సైన్యంలో చేరారు. ఇద్దరికీ ఇరవై కూడా నిండలేదు. కరువు రోజులు, జీతం వస్తుందని పోయారు. లారీ తోలే పని నేర్పించారంట. 1946లో జేజినాయన ఒక్కడే తిరిగొచ్చాడు. జతగాడి అమ్మ మా గడప ముందు కూర్చుని "నా కొడుకును యాడ వదిలి వస్తివిరా?" అని మూడు రోజులు ఏడ్చిందంట. జేజినాయన "పోయినాడు" అన్నాడు తప్ప ఇంకొక్క మాట అనలేదు. ఎట్లా పోయాడు, ఎక్కడ పోయాడు, ఏమీ లేదు. దాంతో ఊర్లో రకరకాలుగా అనుకున్నారు. వీడే వాడి కూడు తిని బతికొచ్చాడని అన్నవాళ్ళూ ఉన్నారు. అప్పటి నుంచి జతగాడి ఇంటివాళ్ళకూ, అదే కిందింటి వాళ్ళకూ, మాకూ మాటల్లేవు. 1987లో జేజినాయన పోతే ఆ ఇంటి నుంచి ఒక్కరూ రాలేదు.

ఆయన గెనుసుగడ్డ ముట్టేవాడు కాదు. శివరాత్రి నాడు పొయ్యి మీద గడ్డలు ఉడుకుతుంటే వాసనకు లేచి చేనికి వెళ్ళిపోయేవాడు. కాకీ బట్టలు వేసుకున్న వాళ్ళెవరు కనబడినా, చివరికి బస్సు కండక్టరైనా, లేచి నిలబడి నడుము దాకా వంగేవాడు. ఎడమ చెవి వినబడేది కాదు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మిగతా పిల్లలతో కలిసి ఆ వంగడాన్ని చూసి నవ్వేదాన్ని. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ నవ్వు గుర్తొచ్చి కడుపులో దేవినట్టుంది.

"నేను పోయేలోపు అయినా తెలుసుకో పాపా" అన్నాడు నాయన. నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. కాగితాల పని నాకు కొత్త కాదు. ఆరు నెలల్లో అయిపోతుందనుకున్నాను. పదిహేడు నెలలు పట్టింది.

మార్చి 10న ట్రంకు పెట్టె తీశాం. అడుగున డిశ్చార్జి కాగితం ఉంది. మడత దగ్గర చెదలు తినేశాయి. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అని ఉంది, పేరు ఉంది, సర్వీసు నంబర్‌లో చివరి అంకె లేదు. మీ ఇంట్లో ఇట్లాంటి పెట్టె ఉంటే ఈ రోజే తెరిచి ఫోటో తీసుకోండి. ఆ ఒక్క అంకె కోసం నేను పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు.

మార్చి 18న అనంతపురం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పోయాను. అక్కడ మాజీ సైనికుడొకాయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, "మీ తాత ఏ దళమో తెలిసింది కదమ్మా, సగం పని అయినట్టే" అన్నాడు. ఆ దళం రికార్డులుండే ఆఫీసుకు రాయాలి. పేరు, తండ్రి పేరు, ఊరు, అప్పటి జిల్లా రాయాలి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ అని కూడా రాయమన్నాడు. దాంతోపాటు జేజినాయన మరణ ధ్రువీకరణ పత్రం, మేము వారసులమని కాగితం జతచేయాలి.

ఇక్కడే మొదటి దెబ్బ. 1987లో ఊర్లో చనిపోయిన మనిషికి సర్టిఫికెట్ ఎవరు తీసుకున్నారు? రికార్డులో నమోదు లేదని ఒక కాగితం, దాని మీద అఫిడవిట్, నోటరీకి 300 రూపాయలు, ఊరి పెద్దల సంతకాలు, పంచనామా. ఏప్రిల్ 3న అర్జీ పెట్టాను. మే 13న ఎన్నికలు. ఆఫీసు వాళ్ళందరికీ ఎలక్షన్ డ్యూటీ, నాకూ డ్యూటీ. సర్టిఫికెట్ చేతికి వచ్చింది జులై 9న. అప్పటికి ఆ ఆఫీసుకు పదకొండు సార్లు తిరిగాను. తొమ్మిదో సారి వెళ్ళినప్పుడు "ఇప్పుడు ఎందుకమ్మా ఇదంతా, ఆస్తి ఏమైనా ఉందా?" అని ఒకాయన అడిగాడు. లేదంటే నమ్మలేదు.

ఈలోగా ఎండాకాలం సెలవుల్లో రాత్రిపూట ఇంకో వెతుకులాట మొదలుపెట్టాను. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వాళ్ళ జాబితా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. చనిపోయిన సైనికుల పేర్లు మాత్రమే ఉంటాయి కాబట్టి జేజినాయన అందులో ఉండడు. జతగాడు ఉండాలి. ఆయన పేరు చివర 'అప్ప' ఉంది. ఇంగ్లీషులో ఒక 'పీ'తో వెతికాను, రెండు 'పీ'లతో వెతికాను, ఇంటిపేరు ముందుపెట్టి, తీసేసి, అక్షరం మార్చి వెతికాను. నాలుగో రాత్రి దొరికింది. తండ్రి పేరు ఉంది. మా ఊరి పేరు ఒక అక్షరం తేడాతో ఉంది. అనంతపూర్ జిల్లా అని ఉంది. సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద, సమాధి దొరకని 24,000 మందికి పైగా పేర్ల మధ్యలో, మా ఊరి మనిషి.

తేదీ చూసి మాత్రం గుండె జారింది. 1942 ఫిబ్రవరి 15.

అది సింగపూర్ జపాన్‌కు లొంగిపోయిన రోజు. అంటే జతగాడు చెరలోకి వెళ్ళనే లేదు, ఆ రోజే చనిపోయాడు. మరి జేజినాయన నోట మా జేజి ఒకసారి విన్న మాట ఇంకొకటి ఉంది. "ఓడలో నా పక్కనే పండుకున్నాడు" అన్నాడంట. ఏది నిజం? జేజినాయన అబద్ధం చెప్పాడా? నాయనకు చెప్పలేదు. పది రోజులు ఆ తేదీని మనసులోనే పెట్టుకుని తిరిగాను. ఊర్లో వాళ్ళు అనుకున్న మాటే నిజమేమో అనిపించింది ఒక రాత్రి. అంతకంటే చెడ్డ రాత్రి ఈ పదిహేడు నెలల్లో ఇంకోటి లేదు.

పదో రోజు ఆ స్మారకం గురించి కమిషన్ రాసిన వివరణ మొత్తం చదివాను. అందులో ఉంది అసలు సంగతి. అక్కడ చాలామందికి చనిపోయిన తేదీ తెలియదు. అట్లాంటి వాళ్ళకు తప్పిపోయిన రోజో, పట్టుబడిన రోజో తేదీగా వేశారు. అంటే ఆ రాయి మీది లెక్క ప్రకారం 1942 ఫిబ్రవరి 15 అంటే ఆ రోజు తర్వాత ఏమైందో తెలియదని కూడా అర్థం. మీరు వెతికితే మీకూ ఇదే తేదీ కనబడొచ్చు. దాన్ని చూసి వెంటనే ఒక నిర్ణయానికి రావద్దు.

జులై 15న రికార్డు ఆఫీసుకు రిజిస్టర్ పోస్టు పంపాను. 72 రోజులు ఎదురుచూసి, సెప్టెంబర్ 25న ఆన్‌లైన్‌లో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. ఫీజు 10 రూపాయలు. అక్టోబర్ 21న జవాబు వచ్చింది. పెన్షన్ లేని పాత సిపాయిల సర్వీసు పత్రాలు గడువు దాటాక తీసేస్తారు, జేజినాయనవీ తీసేశారు. కానీ లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టర్‌లో ఎంట్రీ ఉంది. పేరు, పూర్తి నంబర్, చేరిన తేదీ, '1942 ఫిబ్రవరి 15 నుంచి యుద్ధఖైదీ', '1945 సెప్టెంబర్, రబౌల్‌లో విడుదల'.

చెదలు తిన్న అంకె దొరికింది. ఏడు.

రబౌల్ అంటే ఎక్కడో నాకు తెలియదు. మా బడిలోని గ్లోబు తిప్పి చూస్తే ఆస్ట్రేలియాకు పైన, న్యూ బ్రిటన్ అనే దీవి అంచున ఒక చుక్క ఉంది. గుత్తి పిల్లోడు అక్కడికి ఎట్లా పోయాడు?

రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ జెనీవా ఆఫీసుకు కూడా రాశాను. రెండో ప్రపంచయుద్ధం ఖైదీల సమాచారం వాళ్ళు వెతికి ఇస్తారు, డబ్బు తీసుకోరు. కాకపోతే విడతకు ఇన్ని దరఖాస్తులని కోటా ఉంటుంది. మొదటిసారి నేను చూసేసరికి నిండిపోయింది. రెండోసారి ఫారం తెరిచే రోజు పొద్దున్నే లేచి కూర్చుని పంపాను. అయిదు నెలల తర్వాత జవాబు వచ్చింది. జేజినాయన పేరు, నంబర్, పట్టుబడినట్టు, విడుదలైనట్టు నాలుగు వరుసలు. మధ్యలో మూడున్నరేళ్ళకు ఏమీ లేదు. జతగాడి గురించి అసలేమీ లేదు.

ఆ మూడున్నరేళ్ళూ నాకు ఆస్ట్రేలియా జాతీయ ఆర్కైవ్స్‌లో కనబడ్డాయి. యుద్ధం తర్వాత ఆస్ట్రేలియా వాళ్ళు జపాన్ సైనికుల మీద దాదాపు 300 యుద్ధనేరాల విచారణలు జరిపారు. సగానికి పైగా రబౌల్‌లోనే జరిగాయి. ఆ ఫైళ్ళు చాలావరకు ఇంట్లో కూర్చుని ఉచితంగా చదవొచ్చు. పాత టైపు మిషను అక్షరాలు, కొన్ని మసక. బడి నుంచి వచ్చి, వంట చేసి, పదింటికి మొదలుపెడితే రెండు దాటేది. రోజుకు ముప్పై పేజీలు కూడా కదిలేవి కావు. కదలకపోవడానికి కారణం ఇంగ్లీషు కాదు.

సింగపూర్ పడిన రెండు రోజులకు, ఫిబ్రవరి 17న, దాదాపు 45,000 మంది భారత సైనికులను ఫారర్ పార్క్ మైదానంలో నిలబెట్టి జపాన్ వాళ్ళకు అప్పగించారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. చేరని వాళ్ళలో వేల మందిని 1943లో ఓడల అడుగు అరల్లో కుక్కి న్యూగినీకి, న్యూ బ్రిటన్‌కు కూలి దళాలుగా పంపారు. "ఓడలో నా పక్కనే పండుకున్నాడు" అన్న మాట అక్కడ నాకు దొరికింది. అక్కడ ఓడల్లో సరుకు దించారు, కొండల్లో సొరంగాలు తవ్వారు. జ్వరంతో లేవలేని వాళ్ళను కొట్టి పనికి తోలారు. చెంపల మీద, చెవుల మీద కొట్టడం రోజూ ఉండేది. కాపలావాడు ఎదురైతే నడుము దాకా వంగాలి. పొద్దునా సాయంత్రం హాజరు. వరుసలో నిలబడి జపాన్ అంకెల్లో లెక్క చెప్పాలి.

ఆ పేజీ దగ్గర ల్యాప్‌టాప్ మూసేసి బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. మేము గోలీలు లెక్కపెట్టుకున్న లెక్క అది.

1944 వచ్చేసరికి అమెరికా, ఆస్ట్రేలియా విమానాలు సముద్రం దోవ మూసేశాయి. బియ్యం రావడం ఆగిపోయింది. ఆ దీవిలో ఉన్న జపాన్ సైన్యమే గెనుసుగడ్డలు పండించుకుని బతికింది. తోటల్లో ఖైదీలతో పని చేయించారు. ఖైదీలకు దక్కింది కొంచెం గడ్డ, ఆకు. కాళ్ళు వాచే బెరిబెరి, విరేచనాలు. మందులు ఇవ్వలేదు. పైనుంచి పడే బాంబులకు కూడా ఖైదీలు చచ్చిపోయారు.

నాకు అన్నిటికంటే కోపం వచ్చింది కొట్టిన సంగతులు చదివినప్పుడు కాదు. కోర్టులో నిందితుల తరఫు వాదన చదివినప్పుడు. వీళ్ళు యుద్ధఖైదీలు కాదు, మా సైన్యంలో చేరిన కూలి దళాల వాళ్ళు, కాబట్టి ఖైదీల నియమాలు వీళ్ళకు వర్తించవు అన్నారు. 1929 జెనీవా ఒప్పందం మీద జపాన్ సంతకం పెట్టింది కానీ ఆమోదించలేదు. ఆ సందులో నుంచి ఒక వాదన, ఈ సందులో నుంచి ఇంకో వాదన. చాలామందికి శిక్షలు పడ్డాయి. అక్కడి జపాన్ సైన్యాధిపతి ఇమామురకు కూడా 1947లో పదేళ్ళ శిక్ష వేశారు. అయినా ఆ వాదన నన్ను వదలలేదు. కొట్టేటప్పుడు ఖైదీ, లెక్క చెప్పాల్సి వచ్చినప్పుడు ఖైదీ కాదు. జేజినాయన పేరు ఆ ఫైళ్ళలో వెతికాను, దొరకలేదు. ఎవరివో పంజాబీ పేర్లు, చైనా పేర్లు దొరికాయి. వాళ్ళు చెప్పినవే ఆయనవి అనుకుని చదివాను.

ఇక జతగాడి సంగతి. రికార్డు ఆఫీసు జవాబులో రెండో పేరా ఉంది. ఆయన వివరాలు ఇతరుల వ్యక్తిగత సమాచారం కిందికి వస్తాయి, ఆ కుటుంబం ఒప్పుకోలు పత్రం కావాలి. అంటే డెబ్బై ఎనిమిదేళ్ళుగా మేము తొక్కని గడప తొక్కాలి.

నవంబర్‌లో ఒక ఆదివారం పోయాను. జతగాడి తమ్ముడి కొడుకు ఉన్నాడు, ఎనభై దాటిన మనిషి. మంచం మీద నుంచి లేవకుండానే "ఏం పాపా, దోవ తప్పి వస్తివా?" అన్నాడు. "లేదు మామా, మీ పెద్దనాయన గురించి వచ్చినా" అన్నాను. "మీ జేజినాయన్ను అడగాల్సింది" అని అటు తిరిగి పండుకున్నాడు. సంక్రాంతికి మళ్ళీ పోయాను. క్రాంజి జాబితా ప్రింటు ఇచ్చాను. తేదీ చూసి కోడలు, "మరి అదే రోజు చచ్చిపోయింటే మీ జేజినాయన ఆ ఒక్క మాట చెప్పడానికి ఏం రోగం?" అంది. తేదీ గురించి వివరించబోయాను. వినలేదు. ఆమె అడిగిన దాంట్లో తప్పు లేదు.

మూడోసారి 2025 ఫిబ్రవరి 26న, మళ్ళీ శివరాత్రికి. ఈసారి కాగితాలు తీసుకుపోలేదు. మామ మంచం పక్కన కూర్చుని గెనుసుగడ్డల సంగతి చెప్పాను. ఆ దీవిలో ఏం పండేదో, ఏం పెట్టేవాళ్ళో, శివరాత్రి నాడు జేజినాయన చేనికి ఎందుకు పోయేవాడో చెప్పాను. అంకెలు చెప్పి వినిపించాను. మామ చాలాసేపు పైకప్పు చూశాడు. "మా జేజి చచ్చిపోయేదాకా వాని పళ్ళెం ఎత్తి పెట్టలే" అన్నాడు. తర్వాత సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు.

మార్చి 5న పంపాను. ఒప్పుకోలు పత్రం, ఆధార్ నకలు, బంధుత్వం కాగితం. జూన్ 11న జవాబు వచ్చింది. బడి తెరిచే హడావుడిలో ఉన్నాను, నిలబడే చదివాను. 1942లో 'తప్పిపోయాడు'. తర్వాత దాన్ని కొట్టేసి, 1945 చివర్లో కొత్త ఎంట్రీ వేశారు. 'యుద్ధఖైదీగా ఉండగా మృతి, 1944 ఆగస్టు, న్యూ బ్రిటన్. కారణం బెరిబెరి. ఆధారం: విడుదలైన ఖైదీ వాంగ్మూలం'. ఆ వాంగ్మూలం ఇచ్చిన ఖైదీ పేరు లేదు. నంబర్ ఉంది. చివరి అంకె ఏడు.

చెప్పాడు. విడుదలైన కొన్ని వారాలకే ఎవరో ఆఫీసరు ముందు నిలబడి తన జతగాడి పేరు, ఊరు, నెల, జబ్బు అన్నీ చెప్పి రాయించాడు. ఊరికొచ్చి ఆ తల్లి ముందు నిలబడితే నోరు రాలేదు. ఆకలికి కాళ్ళు వాచి చచ్చిపోయాడని కన్నతల్లికి ఎట్లా చెప్తాడు? నేనైనా చెప్పలేను. ఆ నంబర్ మీద వేలు పెట్టుకుని స్టాఫ్ రూమ్‌లో ఏడ్చాను. తోటి టీచర్లు ఎవరో పోయారనుకుని నీళ్ళు తెచ్చారు.

జూన్ 15, ఆదివారం, నాయన్ను తీసుకుని కిందింటికి పోయాను. మామ కళ్ళజోడు పెట్టుకుని రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాడు. ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. డిశ్చార్జి కాగితం మీద ఒక్కో అంకె మీద వేలు పెట్టి, రెండో కాగితంలో అదే అంకె వెతుక్కున్నాడు. చెదలు తిన్న చోట ఆగాడు. "అక్కడ ఏడు మామా" అన్నాను. తల ఊపాడు. నాయన వైపు చూసి "కాఫీ తాగుతావా?" అన్నాడు. నాయన జన్మలో ఆ ఇంట్లో నీళ్ళు కూడా తాగలేదు.

అన్నీ కలిపి దాదాపు 6,000 రూపాయలు ఖర్చయింది. సగం బస్సు ఛార్జీలు, మిగతాది అఫిడవిట్లు, జిరాక్సులు. రికార్డులు ఇచ్చినందుకు ఎక్కడా పది రూపాయలకు మించి తీసుకోలేదు. క్రాంజి జాబితాలో తేదీ మార్చమని ఎంట్రీ నకలు జతచేసి జులైలో ఈమెయిల్ పంపాం. అందిందని జవాబు వచ్చింది, పరిశీలనలో ఉంది.

కిందింటి వాళ్ళు ఇన్నేళ్ళూ పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఆయన పేరు తీసేవాళ్ళు కాదంట. పోయినట్టు ఆయన తల్లి ఒప్పుకోలేదు, ఆమె తర్వాత రోజు ఏదో తెలియదు. నెల మాత్రమే తెలిస్తే ఆ నెల అమావాస్య తీసుకోవచ్చని అయ్యగారు చెప్పాడు. 1944 ఆగస్టు అంటే శ్రావణం అన్నాడు. ఈ శ్రావణ అమావాస్యకు పంచె, తువ్వాలు పెట్టారు. ఫోటో లేదు, అందుకని పేరు పలక మీద రాసి గోడకు ఆనించారు. మమ్మల్ని పిలిచారు.

భోజనాలకు విస్తర్లు లెక్కపెట్టమని నాయన చేతికిచ్చారు. "ఇచి" అన్నాడు. ఆగాడు. విస్తరి కింద పెట్టి, మళ్ళీ తీసుకుని, "ఒకటి" అని మొదలుపెట్టాడు.